వందో బిళ్ళ

తుమ్మలకోట మేయరు గారూ కమిషనరు గారూ చెత్త చూడ్డానికి స్కాట్లండు దేశం వెళ్ళారు. చెత్తను ఎలా ఎత్తాలో, ఎక్కడ పొయ్యాలో అధ్యయనం చేసి రమ్మని పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించి మరీ పంపింది. తీరా వెళ్ళాక అక్కడ చూడ్డానికి చెత్త దొరకలేదు. ఎటు తిరిగినా శుభ్రంగా ఉంది. అంత దూరం పోయినందుకు ఏదో ఒకటి అధ్యయనం చెయ్యక తప్పదు కదా! వాళ్ళు దిగిన నగరపు పాలకమండలి వాళ్ళు వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తమ గేలిక్ భాష కథ చెప్పారు. అది వాళ్ళ తాతముత్తాతల భాషట. మాట్లాడేవాళ్ళు నూటికి ఒకరు మిగిలారట. అందుకని వీధుల్లో, బస్సుల మీద, ఆఫీసు గుమ్మాల మీద దాన్ని రాయించి, బళ్ళు పెట్టి, కొండెక్కబోతున్న దీపానికి నూనె పోస్తున్నారట. వింటుంటే మేయరు గొర్లె సత్యేశ్వరరావు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కమిషనరు గారు ఆ భాషను బతికించే ప్రణాళిక ప్రతి ఒకటి అడిగి తీసుకుని పెట్టెలో భద్రంగా పెట్టుకున్నారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఇక్కడ బొడ్డేపల్లి తవిటయ్య మాస్టారు తన ఏడుపులో తానున్నాడు. కుమ్మరివీధి మునిసిపల్ బడికి ఆయనే పంతులు, ఆయనే హెడ్మాస్టరు, అవసరమైతే గంట కొట్టే మనిషీ ఆయనే. ఊళ్ళో తెలుగులో పాఠం చెప్పే బడి అదొక్కటే మిగిలింది. పిల్లలు పాతికమంది కూడా లేరు. విద్యాధికారి పరశురామ్ గారు వచ్చి, తలలు లెక్కపెట్టి, టీ తాగి, "సంఖ్యాబలం నిరాశాజనకంగా ఉంది, పునరాలోచించవలసి ఉంటుంది" అని సెలవిచ్చి వెళ్ళాడు. పునరాలోచన అంటే మూసెయ్యడమని తవిటయ్యకు తెలుసు. ఈ బడి మూస్తే పిల్లలు పెద్దరోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. ఆ రోడ్డు మీద లారీలు మనుషుల్ని చూసి ఆగే అలవాటు ఎప్పుడో మానేశాయి. మొన్ననే ఒక గేదెను గుద్దిన లారీ వెనక్కి తిరిగి చూడలేదు. నూకరత్నం లాంటి రెండో తరగతి పిల్ల పుస్తకాల సంచీ మోసుకుంటూ ఆ రోడ్డు దాటడం తలుచుకుంటే మాస్టారికి అన్నం సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే మేయరు గారు తిరిగొచ్చారు. విమానం దిగిన బడలిక తీరకముందే సమావేశం పెట్టించారు.

"గౌరవ సభ్యులారా," అన్నారు కమిషనరు గారు గొంతు సవరించుకుని. "ఒక మహానగరం తన మాతృభాషను పరిరక్షించుకొను విధానమును మేము కన్నులారా వీక్షించి వచ్చితిమి. ఇకపై తుమ్మలకోట నగరపాలక సంస్థ తెలుగు భాషను పరిరక్షిత భాషగా పరిగణించును."

సభ్యులంతా బల్లలు చరిచారు. వాళ్ళలో వెనక వరుస సభ్యుడొకాయన మాత్రం, "మరి చెత్త సంగతేటండీ?" అన్నాడు. దాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేశారు.

తెలుగు వ్యవహారం కాబట్టి తెలుగు వచ్చిన ఉద్యోగి కావాలన్నారు. సంస్థ మొత్తం వెతికితే 'తెలుగు మాధ్యమం' అని హోదాలోనే ఉన్నవాడు తవిటయ్య ఒక్కడే. పిలిచి, పూలదండ వేసి, భాషాభివృద్ధి విశేషాధికారి అన్నారు. బడి చూసుకుంటూనే ఇదీ చూసుకోవాలి. మాస్టారి ఆనందం చెప్పనలవి కాదు. తెలుగును బతికిస్తామంటున్నవాళ్ళు తెలుగు బడిని చంపుతారా? ఇంటికెళుతూ దారిలో అరకిలో జాంగ్రీ కొన్నాడు పాపం.

మర్నాడే ప్రణాళిక ఆయన చేతికొచ్చింది. "మాస్టారూ, ఇది అంతర్జాతీయ నిపుణులు రాసుకున్నది. మనం చెయ్యి పెట్టి చెడగొట్టరాదు. గేలిక్ అని ఉన్నచోటల్లా తెలుగు అని మార్చండి. ఆ నగరం పేరున్నచోట తుమ్మలకోట అని వెయ్యండి. మరొక్క అక్షరం ముట్టుకున్నా ఊరుకునేది లేదు," అన్నారు కమిషనరు గారు.

తవిటయ్య రెండు రోజులు కూర్చుని అనువదించాడు. మూడో రోజు తల గోక్కుంటూ వచ్చాడు.

"అయ్యా, ఇందులో ద్వీపాల మధ్య తిరిగే పడవల్లో ప్రకటనలు తెలుగులో చెయ్యాలని ఉందండి. మనకి సముద్రమే లేదు కదండీ."

"ఉండనివ్వండి."

"మంచు పడేటప్పుడు హెచ్చరిక బోర్డులు తెలుగులో ఉండాలటండి. మంచు కురిసి బడికి రాలేని అభ్యాసకులకి హాజరు తగ్గించకూడదటండి. భాష నేర్చుకునేవాళ్ళకి వయసుతోనూ, ఉండే ఊరితోనూ పని లేదటండి, ఎవరైనా ఏ బడిలోనైనా చేరొచ్చటండి. మనూళ్ళో మంచెక్కడిదండీ?"

కమిషనరు గారు జాలిగా చూశారు. "మాస్టారూ, ప్రపంచస్థాయి ప్రణాళికను మనం అందుకోవాలి గానీ, దాన్ని మన స్థాయికి దించకూడదు."

అలా ఆ ప్రణాళికను పాలకవర్గం ఆమోదించింది. రోహిణీకార్తెలో, తారు కరిగి చెప్పులు రోడ్డుకి అంటుకుపోతున్న మిట్టమధ్యాహ్నం, గడియారస్తంభం కూడలిలో మేయరు గారు బోర్డు ఆవిష్కరించారు. నీలం మీద తెల్లటి అక్షరాలు, తలకట్లకి పెయింటరు ప్రత్యేకంగా చుట్టిన తోకలు: 'మంచు కురుస్తున్నది. నెమ్మదిగా వెళ్ళండి.' అది చదివి ఆకాశం వంక చూస్తూ వెళ్ళిన ఇద్దరు మోటారుసైకిళ్ళవాళ్ళు ఒకరినొకరు గుద్దుకున్నారు. నెమ్మదిగా వెళ్ళమని రాసే ఉంది కదా అని ట్రాఫిక్ కానిస్టేబులు వాళ్ళిద్దరికీ తలంటాడు. మునిసిపల్ పార్కు కొలనులో పడవ అప్పటికే ఉంది, హంస ఆకారంలో, కాళ్ళతో తొక్కేది. ద్వీపమే లేదు. మేయరు గారి బావమరిది నాలుగు ట్రాక్టర్ల మట్టి కొలను నడుమ పోయించి ఆ కొరత తీర్చాడు. అప్పట్నుంచి మైకులో, "ద్వీపవాసులకు విజ్ఞప్తి" అని మొదలయ్యేది. ద్వీపవాసులు రెండు కొంగలు.

ఇంతవరకూ బాగానే నడిచింది. అసలు చిక్కు మొదటి పేజీలో వచ్చింది. 'నగరంలో ఈ భాష మాట్లాడువారు నూటికి ఒకరు. మొదటి సంవత్సరం కొత్తగా వంద మందిని తయారుచేయవలెను' అని ఉందక్కడ. మన ఊళ్ళో చూస్తే అందరూ మాట్లాడేస్తున్నారు! కొత్తగా తయారుచెయ్యడానికి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

కమిషనరు గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది.

"మాట్లాడటం వేరు, గుర్తింపు పొంది మాట్లాడటం వేరు. అక్కడ భాష వచ్చినవాళ్ళు చొక్కాకి ఒక బిళ్ళ పెట్టుకుంటారు. చూసినవాళ్ళు ఆ భాషలో పలకరిస్తారు. మన ఊళ్ళో బిళ్ళ ఉన్నవాళ్ళెందరు?"

"ఎవరూ లేరండి," అన్నాడు తవిటయ్య.

"అయితే తుమ్మలకోటలో తెలుగు మాట్లాడువారి సంఖ్య సున్నా. సర్వే అలాగే రాసి సంతకం పెట్టండి."

మాస్టారి చెయ్యి ఆడలేదు. కానీ పక్కనున్న మేయరు గారు తొడ చరిచి, "అబ్బ, ఏం బుర్రండీ మీది! సున్నా కాడ మొదలెడితే ఇంక ఏం చేసినా అభివృద్ధే గదా!" అనేసరికి, పెద్దవాళ్ళు ఏదో దూరాలోచనతోనే అంటున్నారనుకున్నాడు. బడి కోసం వీళ్ళతో మంచిగా ఉండాలి మరి. సంతకం పెట్టాడు.

ఇత్తడి బిళ్ళలు వంద పోత పోయించారు. ఇంకో నాలుగెక్కువ చేయిద్దామన్నాడు తవిటయ్య. "ఈ ఏడే అందరినీ తెలుగువాళ్ళను చేసేస్తే వచ్చే ఏడు ఏం అభివృద్ధి చేస్తాం?" అన్నారు కమిషనరు గారు.

ఆఫీసులో తెలుగు కౌంటరు తెరిచారు. మొదటి రోజే ఎర్రమ్మ వచ్చింది. ఎర్రమ్మ ఎండుచేపలు అమ్ముకుంటుంది, నూకరత్నానికి నాయనమ్మ. వాళ్ళ వీధి కుళాయిలోంచి మురుగునీళ్ళు వస్తున్నాయి. గుమాస్తా తలెత్తకుండానే, "బిళ్ళ ఉందా?" అన్నాడు.

"ఏ బిళ్ళ బావూ?"

"తెలుగు బిళ్ళ. అది ఉంటేనే ఇక్కడ తెలుగులో అర్జీ వినాలి. మీకు తెలుగు వచ్చినట్టు దాఖలా లేదు."

ఎర్రమ్మ తట్ట కిందికి దింపింది. "ఓలమ్మో! దాకలా లేదంతావేటి? నాను ఏ బాసలో అడుగుతున్నాననుకున్నావు? మరి నువ్వేటి మాటాడతన్నావు నాతోటి?"

"నేను అనధికారికంగా మాట్లాడుతున్నాను," అన్నాడు గుమాస్తా.

ఎర్రమ్మ అక్కడ్నుంచి తిన్నగా బడికొచ్చి, వరండాలో నిలబడి తిట్టిన తిట్లకి పిల్లలంతా పుస్తకాలు మూసేసి చెవులప్పగించారు. "మాస్టరూ! ఆపీసరయ్యావు గదా, నాకు తెలుగు రాదని నువ్వే రాసేసినావట. మరి నా మనవరాలికి ఏటి సెప్తన్నావు ఇక్కడ?" అని నిలదీసింది. తవిటయ్య తల దించుకున్నాడు. సిగ్గేసింది.

ఆ సిగ్గు ఆరకముందే పరశురామ్ గారు దిగాడు. చేతిలో సర్వే ఫలితం ఉంది.

"మాస్టారూ, ఈ నగరంలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య సున్నా అని నగరపాలక సంస్థ నిర్ధారించింది. కింద మీ సంతకమే ఉంది. మాట్లాడేవారే లేని భాషలో బోధన ఎవరి నిమిత్తం?"

"అది... లెక్క కోసం అన్నారండి."

"శాఖకు కూడా లెక్కే కావాలి. దసరా సెలవుల లోపల బిళ్ళ కలిగిన విద్యార్థులను కనీసం పదిమందిని చూపండి. లేనిచో ఈ పాఠశాలను విలీనపరచుట జరుగును."

పదే కదా అనుకుని తవిటయ్య పరుగెత్తాడు. కమిషనరు గారి గదిలో బిళ్ళల పెట్టె ఖాళీగా ఉంది. మేయరు గారితో కలిపి సభ్యులు యాభైమంది, తలా రెండు తీసుకున్నారు. ఒకాయన తన బామ్మర్దికిచ్చాడు, ఒకాయన షష్టిపూర్తికి వచ్చిన వియ్యంకుడికి కానుక పెట్టాడు. మూడో వార్డు సభ్యుడు ఒకటి తాను పెట్టుకుని రెండోది తన బొచ్చుకుక్క మెడలో కట్టాడు. కట్టాడు కాబట్టి నిబంధనల ప్రకారం ఆ కుక్కకి తెలుగొచ్చు, ఎర్రమ్మకి రాదు.

అప్పుడు మొదలైంది మాస్టారి బిళ్ళల యాత్ర. గుమ్మం గుమ్మం ఎక్కి దిగాడు. ఒక సభ్యుడి మనవరాలి బారసాల కార్డుకి పద్యం రాసిచ్చి ఒకటి సంపాదించాడు. ఇంకో సభ్యురాలికి ప్రసంగం రాసి, అది చదవడం నేర్పి, ఆమె 'అభినందనలు' అన్న మాట తడబడకుండా అనేదాకా ఓపిక పట్టి రెండోది తెచ్చాడు. ఒకచోట పెళ్ళిలో వడ్డన కూడా చేశాడు. అందరికంటే మర్యాదగా ఇచ్చింది కుక్కే. రెండు బిస్కెట్లు పెడితే మెడ చాపింది. అలా తొమ్మిది బిళ్ళలు పోగయ్యాయి. తొమ్మిదిమంది పిల్లల చొక్కాలకి తొమ్మిదీ మెరుస్తుంటే మాస్టారు మురిసిపోయాడు. ఇక పదో బిళ్ళ నూకరత్నానికి కావాలి.

మేయరు గారి దగ్గర వందో బిళ్ళ ఉండిపోయింది. కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు తవిటయ్య. మేయరు గారు చెడ్డవాడేం కాదు. "అలాగే మాస్టారూ. స్కాట్లండు నుంచి వాళ్ళ మనిషి వస్తన్నారు. ఆ సభలో, నలుగురూ చూస్తుండగా, నా చేత్తో మీ పిల్లకే పెడతాను. ఫొటో కూడా బాగుంటుంది," అన్నారు.

వచ్చినావిడ పేరు మోరాగ్. ఆ నగర పాలకమండలి సభ్యురాలు, డెబ్భై దాటిన మనిషి. తెల్లటి జుట్టు, మోకాళ్ళ నొప్పులు, నవ్వు మొహం. కార్లో వస్తూ గడియారస్తంభం దగ్గర ఆపించి బోర్డు ఏమిటని అడిగిందట. కాలేజీ నుంచి తెచ్చిన దుబాసీ అర్థం చెప్పాడట. ఆవిడ చెమట తుడుచుకుంటూ చాలాసేపు నవ్వి, ఆ బోర్డుకి ఫొటో తీసుకుందట.

టౌన్ హాలు కిటకిటలాడింది. నూకరత్నానికి నూనె రాసి రెండు జడలు వేసి, కొత్త గౌను తొడిగి తెచ్చింది ఎర్రమ్మ. మేయరు గారు బిళ్ళ చేతిలోకి తీసుకున్నారు. నూకరత్నం ముందుకొచ్చి మెడ నిటారుగా చాపి నిలబడింది. అదే క్షణాన మోరాగ్ గారు లేచి, చేతులు జోడించి, వంకరటింకరగా, "న-మ-స్కా-రం" అంది. హాలంతా ఈలలు, చప్పట్లు! కమిషనరు గారికి పట్టరాని ఆవేశం వచ్చింది. మేయరు గారి చెవిలో ఏదో అన్నారు. మేయరు గారు పిల్లని చేత్తో సున్నితంగా పక్కకి జరిపి, వందో బిళ్ళను మోరాగ్ గారి కోటుకి పెట్టేశారు.

"తుమ్మలకోట గుర్తింపు పొందిన తెలుగు వక్తగా వీరిని ప్రకటించుచున్నాము! మొదటి సంవత్సర లక్ష్యము సంపూర్ణము!" అన్నారు కమిషనరు గారు మైకులో.

నూకరత్నం మెడ ఇంకా దించలేదు. ఎక్కడో పొరపాటు జరిగింది, ఇప్పుడు తనకీ పెడతారనుకుంటోంది. ఆ మెడ చూసి తవిటయ్యకు గుండెలో కలుక్కుమంది.

"ఓలమ్మ ఓలమ్మ!" ఎర్రమ్మ గొంతు చప్పట్లను చీల్చుకుని వచ్చింది. "నిన్న దిగినావిడ తెలుగు మనిసైపోనాదా? పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచి ఇక్కడే అరస్తన్న నాను ఏటి మరి? గేదెనా?"

మోరాగ్ గారు చుట్టూ చూసి, పిల్లని చూసి, ఏమైందని దుబాసీని అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. తవిటయ్య వేదికెక్కి తనే చెప్పాడు, బడి సంగతి, పెద్దరోడ్డు సంగతి, పది బిళ్ళల సంగతి, ఏదీ దాచకుండా. దుబాసీ చెమటలు కక్కుతూ మాటమాటా మార్చి చెప్పాడు. ఆవిడ మొహంలో నవ్వు ఇంకిపోయింది. వెంటనే కోటు మీది బిళ్ళ తియ్యబోయింది.

కమిషనరు గారు అడ్డుపడ్డారు. "సభాముఖంగా ప్రకటించిన వక్తను ఉపసంహరించరాదు. అది అభివృద్ధి తిరోగమించినట్లగును!"

మోరాగ్ గారు చెయ్యి దించింది. తర్వాత మెల్లగా ఏదో చెప్పింది. దుబాసీ తెలుగులో అన్నాడు: "మా నాయనమ్మకి గేలిక్ తప్ప మరో మాట రాదు. మా నాన్న ఆ భాష మాట్లాడితే బళ్ళో చేతుల మీద కొట్టారు. అందుకని ఆయన నాకు నేర్పలేదు. ముసలిదాన్నయ్యాక చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మీ బడి మాత్రం మూయకండి, అంటున్నారండి."

చిన్నపిల్లల పక్కన అన్న మాట దగ్గర తవిటయ్య బుర్రలో ఏదో తట్టింది. ఆ ప్రణాళికను మాట మాటా మార్చి రాసినవాడు ఆయనే కదా!

"అమ్మా," అన్నాడు గట్టిగా, "మా బడిలో రెండో తరగతిలో చేరతారా? బిళ్ళ ఎలాగూ ఉంది మీకు."

దుబాసీ చెప్పగానే ఆవిడ పగలబడి నవ్వి, తల ఊపింది. ముందు వరుసలో పరశురామ్ గారు ఎగిరి లేచాడు. "ఇది అసంబద్ధం! ఆమె వయస్సేమి? నివాసమెక్కడ?"

"భాష నేర్చుకునేవాళ్ళకి వయసుతోనూ ఉండే ఊరితోనూ పని లేదండి. ఎవరైనా ఏ బడిలోనైనా చేరొచ్చండి. ప్రణాళికలో ఉంది. కమిషనరు గారు ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నారు."

అందరూ కమిషనరు గారి వంక చూశారు. ఎదురుగా విదేశీ అతిథి ఉంది, పత్రికలవాళ్ళున్నారు. ఆయన గుటక మింగి, "అవును. అది... ప్రపంచస్థాయి నిబంధన," అన్నారు.

మర్నాడు పొద్దున్నే మోరాగ్ గారు కుమ్మరివీధి బడికి వచ్చి, పొట్టి బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా నూకరత్నం పక్కన కూర్చుంది. పలక మీద అక్షరాలు దిద్దింది. నూకరత్నం ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పించి, తప్పు రాసినప్పుడల్లా తుడిచేసింది. మధ్యాహ్నం ఎర్రమ్మ తెచ్చిన ఎండుచేపల పులుసు తిని ఆవిడ గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగింది. వారం తిరక్కుండా విమానమెక్కి వెళ్ళిపోయింది. బడి మాత్రం నిలిచింది.

పరశురామ్ గారు ఓడిపోయే రకం కాదు. శివరాత్రి వెళ్ళాక, ఎండలు అప్పుడే ముదురుతుండగా, చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాడు. బిళ్ళలు లెక్కపెట్టాడు. తొమ్మిది.

"పదో విద్యార్థి ఏది?" అన్నాడు తియ్యగా.

"సెలవులో ఉందండీ!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

"దరఖాస్తు?"

తవిటయ్య సొరుగులోంచి సెలవు చీటీ తీసి ఇచ్చాడు. స్కాట్లండు నుంచి తపాలా బిళ్ళతో వచ్చిన కవరది. కాగితం నిండా పెద్దపెద్ద అక్షరాలు, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకి వాలి ఉన్నాయి. తలకట్లకి మాత్రం పెయింటరు బోర్డు మీద చుట్టిన తోకల్లాంటివే తోకలు శ్రద్ధగా చుట్టి ఉన్నాయి. ఫొటో చూసి దించింది కాబోలు. పరశురామ్ గారు చదివాడు:

'మాస్టారు గారికి నమస్కారం. మంచు కురుస్తున్నది. నెమ్మదిగా వెళ్ళండి. నేను నెమ్మదిగా వస్తాను. మోరాగ్, రెండో తరగతి.'

ఆయన దాన్ని తిరగేసి చూశాడు, మళ్ళీ చదివాడు. "ఎన్నాళ్ళ నుంచి ఈ సెలవు?"

"వాళ్ళ ఊళ్ళో చలి ఎక్కువటండి," అన్నాడు తవిటయ్య వినయంగా. "మంచు కురిసి రాలేని వాళ్ళకి హాజరు తగ్గించకూడదండి. ప్రణాళికలో..."

"తెలుసు!" అన్నాడు పరశురామ్ గారు. జేబులోంచి రుమాలు తీసి మెడ మీద కారుతున్న చెమట తుడుచుకున్నాడు. కలం తీసి, పంటి బిగువున, విద్యార్థినికి హాజరు వేసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము అణిగేదాకా మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చాడు.

నూకరత్నం చెయ్యెత్తింది.

"మాస్టారండీ, మంచు కురస్తన్నాదని రాస్తే బడికి రాకపోయినా వచ్చినట్టేనాండీ?"

"ప్రణాళిక ప్రకారం అంతే."

"మరి మేం రాస్తేనోండీ?"

తరగతి మొత్తం ఊపిరి బిగబట్టింది. బయట ఎండ వరండా సగం దాకా వచ్చి కూర్చుంది. తవిటయ్య ఎండను చూశాడు, పిల్లల్ని చూశాడు. వాళ్ళ కళ్ళలో అంత ఆశ ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ముందు తప్పు లేకుండా రాసి చూపించండి. తర్వాత ఆలోచిద్దాం."

ఏళ్ళ తరబడి బెత్తం చూపించినా, జాంగ్రీ చూపించినా ఇష్టంగా పలక ముట్టని పిల్లలు, గబగబా బలపాలు అందుకుని, నాలికలు బయటపెట్టి, మాట్లాడకుండా తెలుగు రాయడం మొదలుపెట్టారు.